మాస్క్‌లోని సెన్సర్ చెప్పేది గాలి సంగతా, ఊపిరి సంగతా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

మాస్క్ లోపలివైపు అమర్చుకుని, పీల్చే గాలి ఎంత శుభ్రంగా ఉన్నదో సెల్‌ఫోన్‌లో చూసుకునే చిన్న సెన్సర్ల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అధిక భాగం విజయవాడ, గుంటూరు పాఠకులవే. ఈ రెండు నగరాలూ గాలి ప్రమాణాలను అందుకోని నగరాల కోసం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్నాయి కనుక ఈ ఆసక్తి సహజమే. ఉత్తరాలలో పేర్లు తీసివేసి, ఒకే రకం సందేహాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను సేల్స్ ఉద్యోగిని. రోజూ బెంజి సర్కిల్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా బండి మీద తిరుగుతాను. మాస్క్ లోపల తగిలించుకునే పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని రేణువులు; మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సెన్సర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. బయట పట్టుకుంటే 70 చూపిస్తున్నది, మాస్క్‌లో పెట్టుకుంటే 140 దాటుతున్నది, చలి ఉదయాల్లో ఒక్కోసారి 200 కూడా చూపిస్తున్నది. మాస్క్ వేసుకోవడం వల్ల ఇంకా చెడ్డ గాలి పీలుస్తున్నానా?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: లేదు. మీ సెన్సర్ మీ ఊపిరిలోని చెమ్మను దుమ్ముగా లెక్కపెడుతున్నది. ఇది ఎలా జరుగుతుందో కాస్త వివరంగానే చెప్పవలసి ఉంది, ఎందుకంటే మిగిలిన ఉత్తరాలలో సగానికి జవాబు ఇక్కడే ఉన్నది.

ఈ రకం సెన్సర్‌లో అగ్గిపెట్టెకన్నా చిన్నదైన గది ఒకటి ఉంటుంది. బుల్లి ఫ్యాను గాలిని అందులోకి లాగుతుంది, ఆ గాలికి అడ్డంగా లేజర్ కిరణం పడుతుంది, రేణువు తగిలి చెదిరిన వెలుగును పక్కనున్న ఫోటోడయోడ్ పట్టుకుంటుంది. కిటికీ సందులోంచి పడిన ఎండలో దుమ్ము మెరవడం చిన్నప్పుడు అందరూ చూసినదే, ఇక్కడి సూత్రమూ అదే. మెరుపు ఎంత ఉన్నదో చూసి రేణువు పరిమాణాన్ని, మెరుపులు ఎన్నో చూసి రేణువుల సంఖ్యను అంచనా వేసి, రేణువు సాంద్రత ఇంత ఉంటుందని తయారీదారు ముందే అనుకున్న లెక్కతో హెచ్చవేసి, ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని తెరమీద అంకె వేస్తుంది. అంటే అది దుమ్మును తూచడం లేదు, వెలుగును చూసి బరువును ఊహిస్తున్నది. ఆ వెలుగును చెదరగొట్టినది లారీ పొగలోని మసి అయినా నీటి తుంపర అయినా దానికి ఒకటే.

మనం విడిచే ఊపిరి దాదాపు 34 డిగ్రీల వెచ్చదనంతో, ఇక పట్టలేనంత తేమతో బయటికి వస్తుంది. తనకన్నా చల్లగా ఉన్న మాస్క్ బట్టను, సెన్సర్ గోడలను తాకగానే ఆ తేమలో కొంత కంటికి కనిపించని తుంపరగా మారుతుంది. కళ్లజోడు పెట్టుకుని మాస్క్ కట్టుకునేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు గాలిలో సహజంగానే ఉండే సల్ఫేట్, నైట్రేట్, ఉప్పు రేణువులు తేమను పీల్చుకుని ఉబ్బుతాయి, ఉబ్బిన రేణువు మరింత వెలుగును చెదరగొడుతుంది. కాలుష్య నియంత్రణ మండలి కేంద్రాలలో పీఎం 2.5ను కొలిచే బీటా కిరణాల యంత్రాలకు గాలిని తీసుకునే గొట్టం దగ్గరే హీటరు ఉంటుంది, గాలిలోని తేమను తగ్గించిన తరువాతే అవి కొలత మొదలుపెడతాయి. తేమకు అంత పెద్ద యంత్రమే ఇంత జాగ్రత్త పడుతుంటే, మీ ముక్కుకు అంగుళం దూరంలో, నిమిషానికి 12 నుంచి 20 సార్లు తడిగాలి కొట్టే చోట కూర్చున్న ఈ చిన్న పరికరం తడబడటంలో ఆశ్చర్యం లేదు. చలి ఉదయాల్లో మీ అంకె ఇంకా పెరగడానికి కారణం కూడా ఇదే. అనుమానం తీరకపోతే, చల్లని ఏసీ గదిలో మాస్క్ లేకుండా ఆ సెన్సర్ మీద అద్దం తుడిచేటప్పుడు ఊదినట్లు ‘హా’ అని ఊదండి. అంకె ఎగబాకితే, ఆ దుమ్ము మీ ఊపిరితిత్తుల నుంచి వచ్చినది కాదని మీకే తెలుస్తుంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మీకు కావలసినది పీల్చే క్షణంలోని గాలి సంగతి, సెన్సర్ ఇచ్చేది పీల్చినదీ విడిచినదీ కలిపి కొన్ని సెకన్లకు తీసిన సగటు. లోపలికి పోయిన సన్నని రేణువుల్లో కొన్ని ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోతాయి కనుక విడిచిన గాలిలో రేణువులు తక్కువగా ఉంటాయి. అంటే చెమ్మ అంకెను పైకి తోస్తుంటే ఇది కిందికి లాగుతుంటుంది. ఈ రెండు తప్పులూ ఒకదానికొకటి చెల్లు అవుతాయని మాత్రం అనుకోవద్దు, ఏది ఎంత అన్నది ఊపిరి ఊపిరికీ మారుతుంది. మాట్లాడినా దగ్గినా నోటి తుంపరలు కూడా లెక్కలోకి వస్తాయి.

కొన్న పరికరాన్ని పారవేయనక్కరలేదు. చొక్కా కాలరుకు, ఊపిరి తగలని పక్కన తగిలించుకోండి. ఆటోనగర్ గేటు దగ్గర ఎంత, బందరు రోడ్డు మీద ఎంత, కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ఎంత అని ఒక దారిని మరొక దారితో పోల్చడానికి అది చక్కగా పనికివస్తుంది. అయితే మీరు బయట చూసిన 70ని ప్రమాణాలతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మన దేశ ప్రమాణం పీఎం 2.5కు 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. ఈ రెండూ 24 గంటల సగటుకు సంబంధించినవి. సిగ్నల్ దగ్గర బస్సు వెనుక నిలబడిన రెండు నిమిషాల అంకెను వాటి పక్కన పెట్టి భయపడటమూ ధైర్యపడటమూ రెండూ పొరపాటే. రోజు సగటు కావాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి ‘సమీర్’ యాప్ చూడండి.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర గుమస్తాను. సీజనులో రోజుకు పది గంటలు అక్కడే ఉంటాను. మా అబ్బాయి సెన్సర్ ఉన్న మాస్క్ తెచ్చి ఇచ్చాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పి పోస్తున్నప్పుడు నాకు ముక్కు మండిపోతున్నా, ఆ సెన్సర్ మాత్రం గాలి ‘బాగుంది’ అంటున్నది. ఏది నమ్మాలి?
— ఒక పాఠకుడు, నల్లపాడు రోడ్డు, గుంటూరు

సమాధానం: ముక్కును నమ్మండి.

పై ఉత్తరంలో సెన్సర్ లేని దుమ్మును చూపింది, మీ దగ్గర ఉన్న దుమ్మును చూడలేకపోతున్నది. కారణం రేణువు పరిమాణం. పొగ, మసి వంటివి మంట నుంచి పుట్టిన అతి సన్నని రేణువులు. మిరప తొక్క నుసి, గింజల పొడి, తొడిమల ముక్కలు, గోతాం పీచు, నేల మట్టి ఇవన్నీ రాపిడి వల్ల లేచినవి కనుక చాలావరకు 2.5 మైక్రాన్లకన్నా బాగా పెద్దవి. పెద్ద రేణువు బరువైనది, బుల్లి ఫ్యాను లాగితే మలుపు తిరిగి లోపలికి రాదు, దారిలోనే గోడకు అంటుకుంటుంది లేదా కింద పడిపోతుంది. చౌక సెన్సర్ల తెర మీద పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉన్న రేణువులు) అని కనిపించే అంకె చాలాసార్లు నిజంగా కొలిచినది కాదు, సన్న రేణువుల లెక్కను బట్టి పెద్దవి ఇన్ని ఉండవచ్చునని వేసిన ఊహ. పొగ ఉన్న ఊళ్లో ఆ ఊహ కొంతవరకు నడుస్తుంది కాని, మిర్చి యార్డులో బోల్తా పడుతుంది.

ఇక మీ ముక్కు సంగతి. మిరపలోని కాప్సైసిన్ నాడీ కణాల మీద ఉన్న ఒక గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, అది నిజానికి ఒళ్లు కాలే వేడిని పసిగట్టడానికి ఉన్నది. అందుకే కారం తగిలితే ‘మంట’ అంటాము, మన భాషలో ఆ మాట అతిశయోక్తి కాదు. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని కనిపెట్టినది కాప్సైసిన్ సాయంతోనే, ఆ పరిశోధనకు ఆయనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. కాబట్టి కారపు దుమ్మును గుర్తించే పనిలో లేజర్ సెన్సర్‌కన్నా గుంటూరువారి ముక్కే మేలైన పరికరమని చెప్పడంలో హాస్యం ఏమీ లేదు. మాస్క్ కట్టుకున్నా మంట వస్తున్నదంటే దుమ్ము బట్టను దాటి రావడం లేదు, పక్క సందుల్లోంచి వస్తున్నది. పెద్ద రేణువులను ఆపడం మంచి మాస్క్‌కు చాలా తేలిక. ముక్కు దూలానికి రెండు పక్కలా ఉండే సందును ముందు చూడండి. తరువాత చేతులను చూడండి, కాయ పట్టిన చేత్తో మాస్క్‌ను సర్దుకుంటే కారం లోపలి వైపుకే చేరుతుంది. మధ్యాహ్నం భోజనానికి తీసి, బల్ల మీద బోర్లించి, మళ్లీ కట్టుకోవడం కూడా అంతే. తడి తువ్వాలు కట్టుకునే ముఠా కార్మికులను నేను తక్కువ చేయను, పెద్ద నుసిని అది కొంత ఆపుతుంది. అయితే ముఖానికి అతుక్కుని కూర్చోదు కనుక, కొన్నప్పుడే ‘ఐఎస్ 9473’ అనే భారత ప్రమాణపు గుర్తు ఉన్నదో లేదో చూసి తెచ్చుకున్న, సన్నని రేణువులను కూడా వడపోసే ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్క్‌కు అది సాటి రాదు.

ప్రశ్న: మేము ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులము. ‘స్మార్ట్ మాస్క్’ ప్రాజెక్టు చేస్తున్నాము. లోపల పీఎం, కార్బన్ డయాక్సైడ్, వీఓసీ (తేలికగా ఆవిరయ్యే రసాయనాలు), ఉష్ణోగ్రత, తేమ సెన్సర్లు అయిదూ పెట్టాము. ఇంకా ఏమి చేర్చవచ్చునో మా గైడ్ గారు మిమ్మల్ని అడగమన్నారు.
— విద్యార్థులు, కానూరు, విజయవాడ

సమాధానం: చేర్చకండి, తీసివేయండి. అయిదు సెన్సర్లు అయిదు అంకెలు ఇస్తాయి కాని, మాస్క్ కట్టుకున్న మనిషి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఇది నా ముఖానికి సరిగా అతుక్కున్నదా, ఎక్కడైనా కారుతున్నదా?’ ఆ ప్రశ్నకు ఏ సెన్సర్ జవాబు చెబుతుందో చూసి దానినే ఉంచండి.

పీఎం సెన్సర్‌ను లోపల పెడితే ఏమవుతుందో మొదటి జవాబులో చెప్పాను. పరిశ్రమల్లో మాస్క్ అమరికను పరీక్షించేవారు దీనికి వేరే దారి పట్టారు. మాస్క్‌కు చిన్న రంధ్రం చేసి సన్నని గొట్టం అమర్చి, లోపలి గాలిని బయట ఉన్న ఒక పెద్ద లెక్కింపు యంత్రానికి తీసుకుపోతారు. అదే యంత్రం కాసేపు బయటి గాలిని, కాసేపు లోపలి గాలిని లెక్కిస్తుంది. బయటి సంఖ్యను లోపలి సంఖ్యతో భాగిస్తే వచ్చేదానిని ఫిట్ ఫ్యాక్టర్ అంటారు. బయట 10,000 రేణువులు ఉండి లోపల 100 ఉంటే ఫిట్ ఫ్యాక్టర్ 100, అమెరికా కార్మిక భద్రతా నిబంధనలలో ముక్కూ నోరూ కప్పే సగం ముఖపు మాస్క్‌లు గట్టెక్కడానికి కావలసిన కనీస విలువ కూడా అదే. ఈ పద్ధతిలోని తెలివి ఏమిటంటే, రెండు కొలతలూ ఒకే యంత్రానివి కనుక దాని దోషం భాగహారంలో చాలావరకు కొట్టుకుపోతుంది. మీరు లోపల ఒక సెన్సర్, బయట మరొకటి పెట్టి రెండింటినీ పోల్చదలచుకుంటే, ముందు రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టి, అగరుబత్తి పొగ పోనిచ్చి, అవి ఒకే అంకె చెబుతున్నాయో లేదో చూసుకోండి. ఒకే కంపెనీ సెన్సర్లు రెండు కూడా ఒకే మాట చెప్పవన్న సంగతి అప్పుడు తెలుస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ విషయంలో రెండు జాగ్రత్తలు. చౌక బోర్డుల మీద ‘ఈ-సీఓ2’ అని ఉంటే అది కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడమే లేదు, వీఓసీ ఆవిరులను చూసి ఇంత ఉండవచ్చునని లెక్క కడుతున్నది. శానిటైజర్ రాసుకున్న చేయి దగ్గరకు తెస్తే చాలు, అది కంగారు పడిపోతుంది. నిజంగా పరారుణ కిరణాలతో కొలిచేదానిని కొన్నా, అటువంటివాటిలో చాలావాటికి కొత్త విలువకు చేరుకోవడానికి పదుల సెకన్లు పడుతుంది, మన ఊపిరేమో మూడు నాలుగు సెకన్లకొకసారి తిరగబడుతుంది. అలలను గోడ గడియారంలోని గంటల ముల్లుతో లెక్కపెట్టడం వంటిది ఇది.

ఉష్ణోగ్రత సెన్సర్‌తో శ్వాస రేటును లెక్కించాలనుకున్నట్లు మీ ఉత్తరం వెనుక పేజీలో రాశారు. పీల్చినప్పుడు చల్లగా, విడిచినప్పుడు వెచ్చగా ఉంటుంది కనుక ఆ ఎత్తుపల్లాలను లెక్కపెట్టడం తెలిసిన పద్ధతే. అయితే ఈ పద్ధతిని రాసినవారు విజయవాడలో మే నెల గడిపి ఉండరు. బయటి గాలి 34, 35 డిగ్రీలు ఉన్నప్పుడు పీల్చే గాలికీ విడిచే గాలికీ తేడా దాదాపు మాయమవుతుంది. 44 డిగ్రీల మిట్టమధ్యాహ్నం, మాస్క్ బట్టలోని చెమ్మ ఆవిరై కొంత చల్లబరిచినా, పీల్చే గాలే వేడిగా, విడిచే గాలే చల్లగా ఉండే పరిస్థితి రావచ్చు. అప్పుడు మీ ప్రోగ్రాము ఉచ్ఛ్వాసాన్ని నిశ్వాసమనీ, నిశ్వాసాన్ని ఉచ్ఛ్వాసమనీ రాస్తుంది, లేదా మనిషి ఊపిరే తీయడం లేదని కేక పెడుతుంది. తేమ సెన్సర్‌కు ఎండాకాలంలో ఈ ఇబ్బంది ఉండదు. ప్రాజెక్టు ప్రదర్శన ఏప్రిల్‌లో ఉంటుంది కాబట్టి ఇది ఇప్పుడే సరిచూసుకోండి.

నా మటుకు నేను పీడన సెన్సర్‌కు ఓటు వేస్తాను. మాస్క్ ముఖానికి బాగా అతుక్కున్నప్పుడు పీల్చిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది, విడిచినప్పుడు పెరుగుతుంది. ఎక్కడైనా సందు ఏర్పడితే గాలి ఆ దారినే తేలికగా పోతుంది, ఒత్తిడి ఊగిసలాట తగ్గిపోతుంది. సన్నని రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలనే అమెరికా ఎన్95 ప్రమాణంలో నిమిషానికి 85 లీటర్ల గాలి పోతున్నప్పుడు పీల్చే దిశలో 343 పాస్కల్‌లకు మించి నిరోధం ఉండకూడదు. మామూలు ఊపిరిలో కనిపించేది దానికన్నా బాగా తక్కువ కనుక, అంత సూక్ష్మంగా చూడగలిగిన సెన్సర్‌ను ఎంచుకోండి. దీనికి చెమ్మ వల్ల ఇబ్బంది కూడా తక్కువ. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జోసయ్య హెస్టర్ బృందం 2022లో ప్రకటించిన ‘ఫేస్‌బిట్’ అనే పరికరాన్ని తప్పక చదవండి. నాణెమంత ఉండే ఆ పరికరం ఎన్95 మాస్క్‌కు అయస్కాంతంతో అంటుకుంటుంది, శ్వాస రేటును, మాస్క్ అమరికను గమనిస్తుంది, గుండె కొట్టుకున్నప్పుడు తల అతి స్వల్పంగా కదలడాన్ని బట్టి గుండె వేగాన్ని కూడా పట్టుకుంటుంది. ఊపిరి, కదలిక, వేడి, ఎండల నుంచి కొంత శక్తిని సమకూర్చుకుని, బ్యాటరీతో 11 రోజులకు పైగా నడిచిందని వారు తెలిపారు. గమనించవలసినది ఏమిటంటే, అంత చేసినవారు కూడా దానిని గాలి కాలుష్యాన్ని కొలిచే మాస్క్‌గా చెప్పుకోలేదు.

చెమ్మను శత్రువుగా కాక సరుకుగా చూసినవారూ ఉన్నారు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో వే గావ్ బృందం 2024లో చూపిన మాస్క్ ఊపిరిలోని ఆవిరిని చల్లబరిచి, బొట్లుగా పట్టి, అందులోని నైట్రైట్, అమోనియం వంటివాటిని అక్కడికక్కడే పరీక్షిస్తుంది. ఊపిరితిత్తుల వాపును గమనించడానికి నైట్రైట్ ఒక సూచిక. మీ తరువాతి బ్యాచ్‌కు ఈ అంశం ఇవ్వమని మీ గైడ్ గారితో చెప్పండి.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. ఉబ్బసం ఉన్నది. భోగి రోజుల్లో, దీపావళికి పొగ ఎక్కువని మాస్క్ కడుతున్నాను. మాస్క్ లోపల మీటరు పెడితే కార్బన్ డయాక్సైడ్ 10,000 చూపించి ‘ప్రమాదం’ అని ఎర్రగా వెలుగుతున్న వీడియోను మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పంపారు. అప్పటి నుంచి మా అత్తగారు మాస్క్ కట్టనివ్వడం లేదు.
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ఆ వీడియోలోని మీటరు అబద్ధం చెప్పలేదు, దానిని పెట్టిన చోటు తప్పు. మనం విడిచే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 4 శాతం ఉంటుంది, అంటే 40,000 పీపీఎం (పది లక్షల భాగాలలో 40,000 భాగాలు). బయటి గాలిలో ఉన్నది 420 పీపీఎం పైచిలుకు. ఊపిరి విడిచే చోట మీటరు పెడితే అది ఎర్రగా వెలగక ఏమి చేస్తుంది? గదుల కోసం చేసిన మీటర్లలో కొన్ని 5,000 దగ్గర, కొన్ని 10,000 దగ్గర ఆగిపోతాయి. 10,000 అన్నది కొలత కాదు, ఆ మీటరు చేతులెత్తేసిన చోటు అయి ఉండవచ్చు. మీటరును మాస్క్ లేకుండా పెదవుల ముందు పట్టుకున్నా అదే ఎర్ర దీపం వెలుగుతుంది, మీ అత్తగారికి అది ఒకసారి చూపించండి.

మాస్క్‌లో మిగిలిపోయేది చిన్న టీ గ్లాసులో పట్టేంత గాలి. పీల్చిన ప్రతిసారీ ముందు ఆ పాత గాలి, వెంటనే బట్ట గుండా వచ్చే కొత్త గాలి లోపలికి పోతాయి. కాబట్టి మాస్క్ లేనప్పటికన్నా పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొంత ఎక్కువే, అది దాచవలసిన సంగతి కాదు. ఆరోగ్యంగా ఉన్నవారిలో శరీరం దానిని సర్దుకుంటుంది. ఉబ్బసం ఉన్న పిల్లవాడి విషయంలో మాత్రం ఏ సెన్సర్‌నూ, ఈ శీర్షికనూ కాక మీ పిల్లల వైద్యుడిని అడగండి. ఆయాసం వస్తే మాస్క్ తీసివేసి ఇన్‌హేలర్ ఇవ్వడమే ముందు పని. ఇంకొక మాట: ఎన్95 ధ్రువీకరణ పెద్దల ముఖాలను, పని స్థలాలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చేది. పెద్దల మాస్క్‌ను నాడాలు ముడివేసి పిల్లవాడికి కడితే బుగ్గల దగ్గర గాలి ధారాళంగా పోతుంది, కట్టామన్న తృప్తి తప్ప ఫలితం తక్కువ. అయిదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు మాస్క్ తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కోవిడ్ కాలంలోనే చెప్పాయి. భోగి మంట వేసిన తెల్లవారుజామున, గాలి కదలక పొగ కిందనే పరుచుకుని ఉన్నప్పుడు, బాబును ఎండ ఎక్కేదాకా ఇంట్లో తలుపులు వేసి ఉంచడం అన్నిటికన్నా సులువు.

ఆ వీడియోలోని మీటరు ఎవరిదో కనుక్కుని బాబు తరగతి గదిలో ఒకరోజు పెట్టించగలిగితే మంచిది. కిటికీలు మూసి ఏసీ వేసిన గదిలో అది 1,000 దాటి పెరుగుతూ పోతే, ఆ గదిలోకి కొత్త గాలి రావడం లేదని అర్థం. దానిని తయారు చేసినది ఆ పనికే.

ప్రశ్న: థర్మల్ కేంద్రం వైపు నుంచి గాలి వీచినప్పుడు వచ్చే వాసనను సెన్సర్ ఉన్న ఎన్95 ఆపుతుందా?
— ఒక పాఠకుడు, కొండపల్లి

సమాధానం: ఆపదు. ఎన్95 ఆపేది రేణువులను, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులు దాని గుండా యథేచ్ఛగా పోతాయి. బొగ్గు పొర ఉన్న మాస్క్‌లు కొన్ని వాసనలను కొంతసేపు తగ్గిస్తాయి, కార్బన్ మోనాక్సైడ్‌ను అవీ ఆపవు. సెన్సర్ ఉండటం లేకపోవడం వల్ల వడపోతలో ఏ మార్పూ రాదు.

ప్రశ్న: ఫ్యాన్లు, సెన్సర్లు, లైట్లు ఉన్న ఖరీదైన మాస్క్ కొనవచ్చునా?
— ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

సమాధానం: ధర చూడక ముందు ధ్రువీకరణ చూడండి. రేజర్ అనే కంపెనీ 2021లో ‘జెఫైర్’ పేరుతో రంగురంగుల దీపాలతో ఒక మాస్క్‌ను అమ్మి, అది ఎన్95 స్థాయిదని ప్రచారం చేసింది. ఆ ధ్రువీకరణ కోసం దానిని పరీక్షకే పంపలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించగా, కొన్నవారికి తిరిగి ఇచ్చేదీ జరిమానా కలిపి 11 లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి కంపెనీ 2024లో ఒప్పుకున్నది. ఎల్‌జీ వంటి కంపెనీలు చేసిన మాస్క్‌లలో ఊపిరి వేగాన్ని సెన్సర్ గమనించి ఫ్యాను వేగాన్ని మారుస్తుంది. సెన్సర్‌కు అది సరైన ఉద్యోగమే, కాలుష్యం ఎంతో చెప్పే పని దానికి అప్పగించలేదు కూడా. ముక్కు మీద బ్యాటరీ మోస్తూ మన ఎండల్లో తిరగగలరో లేదో మీరే ఆలోచించుకోవాలి.

ప్రశ్న: నేను అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు గడ్డం తీయను. తెల్లవారుజామున చన్నీటి స్నానం చేసి పొగమంచులోనే గుడికి నడిచి వెళ్తాను. మాస్క్ పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి సెన్సర్ కొనమంటారా?
— ఒక పాఠకుడు, కొత్తపేట, గుంటూరు

సమాధానం: స్వామీ, కొనకుండానే ఫలితం చెప్పవచ్చు. మాస్క్ అంచు చర్మాన్ని తాకవలసిన చోట వెంట్రుకలు ఉంటే గాలి వాటి మధ్య నుంచి దారి చేసుకుంటుంది. నున్నగా గీసిన ముఖానికి చక్కగా సరిపోయిన మాస్క్ కూడా రెండు మూడు వారాల గడ్డం మీద కారుతుంది. ఇది మాస్క్ నాణ్యత దోషం కాదు. ఫిట్ పరీక్షలు చేసేవారు అంచు కింద గడ్డం ఉన్న మనిషికి పరీక్షే మొదలుపెట్టరు.

ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటి ఉన్నది. మాస్క్ కట్టుకుని, రెండు అరచేతులతో ముందు భాగాన్ని కప్పి, గట్టిగా పీల్చండి. బాగా అమరితే మాస్క్ ముఖం వైపు కుంగుతుంది, కారుతుంటే బుగ్గల దగ్గర, ముక్కు దగ్గర చల్లగా గాలి తగులుతుంది. చెవులకు తగిలించేవాటికన్నా తల వెనుక రెండు పట్టీలు ఉన్నవి గట్టిగా నిలుస్తాయి. ఎన్95 పొరలోని విద్యుదావేశమే సన్నని రేణువులను లాగి పట్టుకుంటుంది కనుక, మడి పేరుతో దానిని రోజూ సబ్బునీటిలో జాడించి ఆరవేయవద్దు. మడత నలగకుండా, కాగితం సంచిలో ఆరనిచ్చి, పట్టీ సడలితే మార్చండి. దీక్ష ముగిసేదాకా ఆ మాస్క్ మీకు సగం రక్షణే ఇస్తుందనుకుని, లారీలు తిరిగే బైపాసు రోడ్డును వదిలి లోపలి వీధుల గుండా గుడికి నడవండి. దారి రెండు వీధులు ఎక్కువైనా ఫరవాలేదు.